నేరేడుమిట్ట చాటింపు

నందినిని డైరెక్టరును చేశారన్న కబురు మా విభాగం అటెండరు ఢిల్లీబాబు మోసుకొచ్చాడు. అప్పుడు నేను యూనివర్సిటీ క్యాంటీన్లో బజ్జీ తింటున్నాను. "సార్, ఆ సెంటరు నందినమ్మకి ఇచ్చేసినారంట. మీకు లేదంట" అన్నాడు. మొదటి ముక్క చెబితే రెండోది నాకు అర్థం కాదా? ఆ "మీకు లేదంట" కూడా వినిపించాలా? బజ్జీ గొంతులో అడ్డం పడింది. దగ్గుతుంటే వాడే నీళ్ళు తెచ్చిచ్చి నా మొహంలోకి జాలిగా చూశాడు. ఆ జాలికి ఒళ్ళు ఇంకా మండింది.

అసలు ఆ సెంటరు ఎవరి బుర్రలో పుట్టిందో తిరుపతిలో మా యూనివర్సిటీ గోడలనడిగినా చెబుతాయి. నేను, గుణశేఖర్‌ని, ప్రజారోగ్య విభాగంలో అసోసియేట్ ప్రొఫెసరును. పల్లెలోంచి జబ్బుతో బయల్దేరిన మనిషి రక్తపరీక్షకు ఒకసారి, స్కానింగుకు ఇంకోసారి, రిపోర్టుకు మరోసారి తిరిగి తిరిగి విసిగిపోయి, వైద్యమే మానుకుని ఇంట్లో ఎందుకు పడుంటాడు? దాన్ని సరిచేసే దారేమిటి? ఏళ్ళ తరబడి ఇదే నా గోల. ఓపీ బయట సిమెంటు బెంచీల మీద కూర్చుని ఆ మనుషుల్ని అడిగి తెలుసుకున్నది నేను. దీనికో పరిశోధన కేంద్రం పెట్టండి మహాప్రభో అని వచ్చిన ప్రతి వీసీనీ కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది నేను. కుర్చీ మాత్రం నందినిది!

ఆమెది సూళ్లూరుపేట. చెన్నైలో చదువుకుని నిన్నగాక మొన్న మా విభాగంలోకి వచ్చింది. నేను రాసిన ప్రతిపాదన తీసుకుని మంచి ఇంగ్లీషులోకి మార్చింది, నాలుగు రంగుల బొమ్మలు పెట్టింది. వీసీగారు బొమ్మలు చూశారు. అంతే.

పోనీ పొగరుబోతు మనిషా అంటే అదీ కాదు, నా ఖర్మ. ప్రారంభోత్సవం నాడు మైకు పట్టుకుని, "ఈ ఆలోచన గుణశేఖర్ సార్‌ది. ఆయన దగ్గర నేర్చుకున్నదే నేను చేస్తున్నాను" అంది. హాలంతా చప్పట్లు. చప్పట్లు నాకు, కుర్చీ ఆమెకు. కాస్త చెడ్డదైనా అయ్యుంటే కడుపారా తిట్టుకునేవాణ్ణి. ఆ సుఖం కూడా లేకుండా చేసింది. ఇంటికెళ్ళి మా ఆవిడ రూపశ్రీ దగ్గర వెళ్ళగక్కబోతే, "మళ్ళీ ఆ యమ్మ గొడవేనా? అన్నం సల్లారిపోతాది, తినండి ముందు" అని కంచం నా ముందుకు తోసింది.

సెంటరు మొదలుపెట్టిన తొలి పని పేరు "ఒక్క రోజు వైద్యం". పల్లె నుంచి పొద్దున్నే వ్యాన్లో పేషెంట్లను తీసుకొస్తారు. ఏ పరీక్ష ఎప్పుడో ఆస్పత్రితో ముందే మాట్లాడి ఉంచుతారు. సాయంత్రానికి రిపోర్టులతో సహా మనుషుల్ని ఇంటి దగ్గర దించేస్తారు. దీన్ని మొదట పరీక్షించడానికి నందిని ఏ ఊరు ఎంచుకుందో తెలుసా? బంగారుపాళ్యం దాటాక మామిడితోటల మధ్య ఉండే నేరేడుమిట్ట. మా ఊరు. నేను పుట్టిన ఊరు. మా అక్క తిరుమలమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

"మీ ఊరే కదా సార్, మీరు ఒక్కసారి నాతో వస్తే పని సులువవుతుంది" అని అడిగింది. క్లాసులున్నాయన్నాను. ఆమె ఒక్కతే వెళ్ళింది. ఒకసారి కాదు, వారం వారం వెళ్ళింది. తిరిగొచ్చి, మా ఊరి మనుషుల గురించి నాకే చెప్పేది. మా వీధిలో దొరస్వామి పెదనాయనకు కళ్ళు సరిగా కనపడటం లేదట. మామిడిగుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే ఆడవాళ్ళకు కాళ్ళవాపులట. నా ఊరి సంగతులు సూళ్లూరుపేట మనిషి నోటి నుంచి వినాలా నేను? తలాడిస్తూ లోపల్లోపల పళ్ళు కొరుక్కున్నాను.

ఇంతలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందన్నారు. వాళ్ళు మెచ్చుకుంటే సెంటరు శాశ్వతమవుతుంది, నందిని కుర్చీ కూడా. వీసీగారు మీటింగులో అందరి ముందే అనేశారు. "కమిటీ ముందు అభాసుపాలైతే మాత్రం ఊరుకోను. డైరెక్టరును మార్చేస్తాను." మిగతావాళ్ళు ఆ మాటకు భయపడ్డారు. నాకు కడుపులో చల్లగా అనిపించింది.

కమిటీ వచ్చేది బుధవారం. ఆ రోజు నేరేడుమిట్ట పేషెంట్లు వ్యాన్లో రావాలి, పరీక్షలు చేయించుకోవాలి, కమిటీ వాళ్ళు పక్కనే ఉండి చూడాలి. నందిని అన్నీ సిద్ధం చేసుకుంది. సరిగ్గా దానికి ముందు ఆదివారం మా అక్క ఫోన్ చేసింది.

"గుణా, ఈ మంగళారం రేత్రి మనూర్లో గంగమ్మకి సాటింపు ఏస్తా ఉండారు. పెద్దోళ్ళు నిన్ననే అనుకున్యారు. వస్తే ఆ లోపల వచ్చి పో. లేదంటే జాతర్నాడు రా."

చాటింపంటే మా వైపు ఆషామాషీ కాదు. డప్పు కొట్టి చాటిన రాత్రి ఊళ్ళో ఎవరున్నారో వాళ్ళంతా, అమ్మవారిని సాగనంపేదాకా పొలిమేర దాటకూడదు. పెళ్ళైనా ఆగాల్సిందే, కోర్టు వాయిదా అయినా ఆగాల్సిందే. దాటితే ఊరందరికీ కీడని నమ్మకం. తిరుపతి జాతరకూ ఈ కట్టుబాటు ఉంది కాబట్టి నందినికి విషయం తెలియక కాదు. కానీ మా ఊరి జాతర ఏ వారమో ఊరిపెద్దలు అప్పటికప్పుడు కూర్చుని తేల్చుకుంటారు. అది ఊరివాడికి తప్ప తెలియదు.

ఊరివాణ్ణి నేనే.

ఫోన్ పెట్టేశాను. ఒక్క మాట చాలు. "మేడమ్, బుధవారం మా ఊరివాళ్ళు కదలరు, తేదీ మార్చండి." ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. సోమవారం నందిని గదిలోకి వెళితే, ఆమె నా కోసం లేచి నిలబడి, "సార్, కమిటీకి మొదట మీరే మాట్లాడాలి. మీ ఊరు కదా" అంది. గోడ మీద ఇత్తడి పలక మీద ఆమె పేరు తళతళలాడుతోంది. నేనెందుకు చెప్పాలి? ఊరి గురించి అంత తెలిసిన మనిషికి ఇది తెలియదా? వారం వారం వెళ్ళొచ్చిందిగా, వాళ్ళే చెబుతారులే! "అలాగే మేడమ్" అని వచ్చేశాను.

బుధవారం సెంటరు హాల్లో పూలు, నీళ్ళ సీసాలు, జీడిపప్పు పళ్ళేలు. కమిటీ వాళ్ళు కూర్చున్నారు. వ్యాను రావాల్సిన సమయం దాటిపోయింది. నందిని ఫోన్ మోగింది, డ్రైవరు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వేపమండల తోరణం కట్టారట. పేషెంట్లు అవతల నిలబడి దండాలు పెడుతున్నారట. ఒక్కరూ ఇవతలికి రావడం లేదట.

ఆమె మొహంలో రక్తం లేదు. నెమ్మదిగా నా దగ్గరికొచ్చి, "సార్, చాటింపంట. మీకు తెలీదా?" అంది.

"ఈ మధ్య ఊరికి పోయిందెక్కడ మేడమ్" అన్నాను.

కమిటీలో ఒకాయన కళ్ళజోడు తీసి, పల్లెల గురించి పరిశోధించే కేంద్రానికి ఆ పల్లెలో జాతర ఎప్పుడో తెలియకపోవడమేమిటని అడిగాడు. ఆమె లేచి నిలబడింది. "తప్పు నాదే. నేను కనుక్కోవాల్సింది" అంది. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేనూ ఏదో ఒకటి అని గొడవ పెట్టుకునేవాణ్ణి. వీసీగారి మొహం మాత్రం మాడిపోయింది.

మర్నాడు ఆర్డరు నా చేతికొచ్చింది. ఇన్‌ఛార్జి డైరెక్టర్, డాక్టర్ గుణశేఖర్. తాళాలు ఇస్తూ నందిని, "జాతర అయిపోగానే మీరు ఒక్కసారి ఊరికి వెళ్ళిరండి సార్. ఆలస్యం చేయకండి" అంది. కుర్చీ దిగిపోయినా పెత్తనం మాత్రం పోలేదు చూశారా అనుకున్నాను. ఇత్తడి పలక విప్పించి ఢిల్లీబాబు చేత కొత్తది పెట్టించాను. వాడు పాత పలకను తుడిచి జాగ్రత్తగా పక్కన పెట్టాడు, అది కూడా నాకు నచ్చలేదు.

అమ్మవారిని సాగనంపిన మర్నాడు కారేసుకుని నేరేడుమిట్ట పోయాను. దారంతా ఒకటే ఊహ. మా ఊరివాడు డైరెక్టరైనాడని రచ్చమీద చెప్పుకుంటారు, అక్క దిష్టి తీస్తుంది, దొరస్వామి పెదనాయన భుజం తడతాడు. చిత్తూరులో ఆగి మైసూరుపాకు కట్టించుకున్నాను.

అక్క వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని ఊరగాయకు మామిడికాయలు తరుగుతోంది. తరగడం ఎడమచేత్తో. నేను పట్టించుకోలేదు. ఫోన్లో ఇత్తడి పలక ఫోటో తెరిచి ఆమె మొహం దగ్గర పెట్టాను.

"అక్కా, ఇట్ట సూడు. నేనిప్పుడు డైరెక్టరు!"

ఆమె ఫోటో వైపు చూడలేదు. కత్తిపీట పక్కకు జరిపి, "అయితే ఆ యమ్మని ఎత్తేసింది నిజమేనా?" అంది.

"ఏ యమ్మని?"

"నందినమ్మని రా! అయ్యో దేవుడా, ఇంక నన్నెవురు సూస్తారు?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాకేమీ అర్థం కాలేదు. మైసూరుపాకు పొట్లం చేతిలో పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఏమైందని గదమాయిస్తే, ముక్కలు ముక్కలుగా చెప్పింది. రొమ్ములో గడ్డ. చాలా రోజులైందట తెలిసి. ఎవరికీ చెప్పుకోలేదు. తాను పనికి పోయే ఫ్యాక్టరీ దగ్గర మామిడి ట్రేలు ఎత్తలేక కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంటే నందిని చూసి, పక్కకు పిలిచి, మెల్లగా అడిగి రాబట్టిందట. బుధవారం వ్యాన్లో మొదటి పేరు మా అక్కదే. ముక్క తీసి పరీక్ష చేసేది ఆ రోజే.

"మరి సాటింపని ఆ యమ్మకి యాల చెప్పలేదక్కా?" అన్నాను.

"నువ్వు ఆడనే ఉండావు గదరా! నీకు నేనే ఫోన్జేసి చెప్తి. మా తమ్ముడు చెప్పుంటాడు, ఆ యమ్మ దినం మార్చుకోనుంటాది అని ఊరంతా గమ్మున ఉన్యాము. మళ్ళ వ్యాను వచ్చి నిలబడె. నీకు పనుల్లో మతికి లేనట్టుండాదిలే నాయనా" అంది. రవ్వంత అనుమానం లేదు ఆ మాటలో. కొట్టినా బాగుండేది.

తల కొట్టేసినట్టయింది. అయినా, ఎంత దౌర్భాగ్యుణ్ణో చూడండి, అప్పుడు నాకు గడ్డ కంటే ముందు గుచ్చుకున్నది వేరే. తోడబుట్టినవాణ్ణి నేనుండగా, నాకు చెప్పకుండా ఆమెకు చెప్పిందే!

"నాతో ఒక్క మాట అని ఉంటే ఏం పోయె నీకు? దీనికోసమే గదా నేను ఇన్నేళ్ళుగా కొట్టుకులాడేది!"

"నీతో ఎట్టా జెప్పేది రా? ఎప్పుడు ఫోన్జేసినా మీటింగంటివి. ఆ యమ్మయితే నా పక్కన నేల మీద కూసొని సెయ్యి పట్టుకునె. గుణాకి చెప్పొద్దు, బయపడిపోతాడు అంటే, సరే అక్కా అని ఒట్టేసె."

అక్కా! నా అక్కను అక్కా అని పిలిచిందట. ఆ మాట పొడుచుకుంటూ లోపలికి దిగింది.

"లే అక్కా, కారుండాది. ఈ పొద్దే తిరుపతికి పోదాం. నేను డైరెక్టర్ని, ఎవుర్నైనా పిలిపిస్తా, ఎన్ని పరీక్షలైనా చేయిస్తా" అని చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆమె లేవలేదు. నా చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది.

"ఆ యమ్మ వస్తే వస్తా. లేకుంటే ఈడనే ఉంటా. ఒక్కసారి మాట్లాడించు గుణా, నీకు పున్నెముంటాది."

వాదించాను, బతిమాలాను, చివరికి అరిచాను కూడా. మా అక్క సంగతి నాకు తెలుసు, ఇక కదలదు. ఏ మనిషిని గదిలోంచి పంపించి ఆ కుర్చీలో కూర్చున్నానో, ఆ మనిషి నంబరే వెతికి నొక్కాను. ఎత్తకూడదనే కోరుకున్నాను. కోపంతో, పంతంతో ఫోన్ కట్ చేస్తే నాకూ ఆమెకూ తేడా లేదని తేలిపోతుంది కదా.

ఒక్క రింగుకే ఎత్తింది. తాళాల గురించి అడగలేదు, ఆర్డరు గురించి అడగలేదు.

"సార్, ఊళ్ళోనే ఉన్నారా? అక్క ఎలా ఉంది? శనివారానికి ఇంకో టైము అడిగి పెట్టాను, మీరు ఊ అంటే నేనొచ్చి తీసుకెళ్తాను" అంది.

నేను నోరు తెరిచేలోపే అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అమ్మణ్ణీ..." అంటూ గబగబా లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. తలుపవతల ఆమె ఏడుస్తూనే మధ్యలో చిన్నగా నవ్వడం వినిపించింది. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారైనా అలా మాట్లాడిందా? నేను వాకిట్లో నిలబడి, ఆ ఫోన్లో అవతల ఉన్న మనిషిని చూసి ఓర్వలేక ఏడ్చుకున్నాను.