రెండు సీట్లు, ఒక 'సరే'

ఇంట్లో ఆమెను అందరూ 'నిదానం' అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది నాన్న. చెప్పుల దుకాణానికి వెళ్తే, అక్క చకచకా ఒక జత కొనుక్కుని బయటికొచ్చి ఎండలో నిలబడేది. ఈమె మాత్రం ఉన్న జతల్లో సగం తొడిగి విప్పి, విప్పి తొడిగి, చివరికి రేపొస్తామని చెప్పి వట్టి చేతులతో వచ్చేసేది. అలాంటి మనిషికి రెండు పేరున్న విశ్వవిద్యాలయాల్లో ఒకే వారంలో పీజీ సీటు వచ్చింది. విషయం వినగానే నాన్న చేతిలోని కట్టుడు పళ్ళ సెట్టు బల్ల మీద పెట్టి, "రెండిచ్చారా? అయితే ఈ జన్మకి చదివినట్టే," అన్నాడు.

నాన్నది కట్టుడు పళ్ళు చేసే పని. ముందుగదిలోనే ఆయన బల్ల, దాని మీద మైనం, సన్నటి చాకులు, వరసగా పేర్చిన దవడల అచ్చులు. వీధిలో సగం మంది తను చేసిన పళ్ళతోనే తనను తిడుతున్నారని ఆయన తరచూ చెప్పుకుని నవ్వుకునేవాడు.

నిదానం మూడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. అప్పట్నుంచీ ఆమెకు జడ వేసిందీ, పాఠాలు అప్పజెప్పించుకుందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ అక్కే. ఆ అక్క రాజధానిలోని పెద్ద యూనివర్సిటీలో చదివి, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. చెల్లెలు చిన్నపిల్లల బడిలో పంతులమ్మగా చేరినప్పుడు అక్క ఏమీ అనలేదు గానీ, ఏదో ఒకరోజు తను చదివిన చోటే దాన్నీ చదివించాలన్న కోరిక మాత్రం కడుపులో దాచుకుంది. ఇప్పుడా రోజు రానే వచ్చింది.

అయితే నిదానం అసలు మళ్ళీ చదవాలనుకోవడానికి కారణం వేరే ఉంది. ఆమె తరగతిలో ఒక పిల్ల ఉండేది. నోటి లెక్కలు ఇట్టే చెప్పేది, కథ చెప్పమంటే చెట్టు మీది పిట్టల చేత కూడా కబుర్లు చెప్పించేది. పాఠం చదవమంటే గడగడా చదివేది. ఒకనాడు ఆ పిల్ల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, ఒక్క ముక్క తడబడకుండా పేజీ అంతా చదివేసింది. తరగతి గొల్లుమంది. ఆ పిల్ల కూడా వాళ్ళతో పాటు నవ్వింది గానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పక్కపిల్లలు చదువుతుంటే విని పాఠం మొత్తం బట్టీ పట్టింది తప్ప, ఆ పిల్లకు రెండక్షరాలు కలిపి చదవడం రాదు. నిదానం తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేసి చూసింది. ఇసుకలో రాయించింది, అట్టముక్కల మీద అక్షరాలు కత్తిరించి తడిమించింది. ఏదీ పారలేదు. ఎందుకు రావడం లేదో తనకే తెలియదని, తెలియకుండానే ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నానని ఆమెకు అర్థమైంది. దరఖాస్తులు పెట్టింది ఆ తర్వాతే.

రెండో సీటు సముద్రం పక్క ఊళ్ళోని యూనివర్సిటీలో వచ్చింది. దాన్ని అందరూ రేవు యూనివర్సిటీ అంటారు. పేరులో అదేం తీసిపోయింది కాదు. పెద్ద యూనివర్సిటీలో చదివినవాళ్ళు దేశం మొత్తానికి చదువు ఎలా ఉండాలో ఆలోచిస్తారు. రేవు యూనివర్సిటీకి సొంతంగా ఒక బడి ఉంది. చదవడం పట్టుబడని పిల్లలు అక్కడికి వస్తారు, పీజీ విద్యార్థులు రోజూ పొద్దున వాళ్ళ పక్కన కూర్చోవాలి. ఆ సంగతి విన్నప్పటినుంచీ నిదానం మనసు రేవులోనే లంగరు వేసింది.

కానీ అక్క ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు. "మా ప్రొఫెసరమ్మ ఇంకా అక్కడే ఉన్నారు. నువ్వు ఆవిడ దగ్గర చదవాలే," అని అక్క అంటే, ఈమె నోటి నుంచి 'సరే' అనే మాట దానంతటదే వచ్చేసింది. ఒక్కసారి అన్న సరే మళ్ళీ లోపలికి పోదు కదా. అక్క తన కాలేజీలో చెప్పింది, బావకి చెప్పింది, బావ ఊరందరికీ చెప్పాడు. చెల్లెలికి రాజధాని చలిలో ఉపయోగపడుతుందని ఉన్ని శాలువా కూడా కొంది. నిదానం అడకత్తెరలో పోకచెక్కయింది. అన్నం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. రేవు యూనివర్సిటీకి మాత్రం రానని చెప్పడానికి మనసు ఒప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ నానబెట్టింది.

ఈలోగా పెద్ద యూనివర్సిటీ వాళ్ళు, సీటు వచ్చినవాళ్ళు ఒకసారి వచ్చి చూసుకోవచ్చని కబురు చేశారు. అక్క కాలేజీకి సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది. రైలు దిగినప్పటినుంచి అక్క కాళ్ళు నేల మీద లేవు. ఇదిగో ఈ మెట్ల మీదే చదువుకునేదాన్ని, ఇదిగో ఈ కుళాయి అప్పుడూ కారేది ఇప్పుడూ కారుతోంది, అంటూ ప్రతి గోడనూ పరిచయం చేసింది. నిదానానికి అక్కను అంత సంబరంగా చూసి ఎన్నాళ్ళయిందో. అందుకే గుండె ఇంకా బరువెక్కింది.

ప్రొఫెసరమ్మ అక్కను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని పలకరించారు. తర్వాత, కొత్త విద్యార్థితో కాసేపు విడిగా మాట్లాడతానని అక్కను బయట వరండాలో కూర్చోమన్నారు. గది నిండా పుస్తకాలు, కిటికీలో వాడిపోతున్న మొక్క. ఆవిడ జుట్టంతా తెల్లబడింది గానీ, చూపు మాత్రం సూటిగా ఉంది. ఏం తెలుసుకోవాలని వస్తున్నారని అడిగారు. నిదానం ముందు అక్క నేర్పిన మాటలు చెప్పబోయింది. రెండు వాక్యాలు దాటలేదు, మాటలు ఇగిరిపోయాయి. చివరికి ఆ పిల్ల సంగతి మొదలుపెట్టింది. తలకిందుల పుస్తకం, ఎర్రబడ్డ చెవులు, ఇసుక, అట్టముక్కలు, అన్నీ చెప్పింది. ఎంతసేపు చెప్పిందో ఆమెకే తెలియదు.

ప్రొఫెసరమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇక్కడ మీకు నేను చాలా నేర్పగలను," అన్నారు. "ఇలాంటి పిల్లలు దేశంలో ఎంతమంది ఉన్నారు, వాళ్ళకోసం పెట్టిన పథకాలు ఎందుకు నీరుగారిపోయాయి, అవన్నీ. అది కూడా ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే. నేను ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. కానీ మీరు అడుగుతున్న ప్రశ్న అది కాదు. ఇక్కడున్న రెండేళ్ళలో మీరు ఒక్క పిల్లని కూడా దగ్గర కూర్చోబెట్టుకోరు."

ఇంకెక్కడైనా సీటు వచ్చిందా అని ఆవిడ అడిగారు. రేవు యూనివర్సిటీ అని చెప్పగానే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"మరి ఇక్కడెందుకు కూర్చున్నారమ్మా?"

"మా అక్క ఇక్కడ చదివింది మేడం," అంది నిదానం. పైకి అనేసరికి, అది ఎంత చిన్న మాటో, తన మీద ఎంత బరువు పెట్టిందో రెండూ ఒకేసారి తెలిశాయి.

"మీ అక్కకి ఇది సరిపోయింది. మీకూ సరిపోవాలని ఎక్కడుంది? మీరు రాకపోతే మంచి విద్యార్థిని పోగొట్టుకుంటాను, నాకు నష్టమే. అయినా వెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి, వాళ్ళ సీట్లు ఎక్కువకాలం ఆగవు."

బయటికొచ్చేసరికి అక్క ఆత్రంగా లేచి నిలబడింది. క్యాంటీన్‌కి తీసుకెళ్ళి రెండు టీలు చెప్పింది. టీ వచ్చింది, చల్లారింది. నిదానం గ్లాసు తిప్పుతూ కూర్చుని, చివరికి కళ్ళెత్తకుండానే చెప్పేసింది. తనకు ఇక్కడ చదవాలని లేదని, ఎప్పుడూ లేదని, ఆ పిల్ల కోసం రేవు యూనివర్సిటీకే వెళ్ళాలనుందని.

అక్క తన గ్లాసు పక్కకు జరిపింది. పక్క బల్ల దగ్గర విద్యార్థులు దేనికో పందెం వేసుకుని నవ్వుకుంటున్నారు.

"మరి సరే అన్నావెందుకే?" అంది అక్క.

"నువ్వడిగావని."

"నేనడిగితే బావిలో దూకుతావా? అంత రాక్షసిలా కనిపిస్తున్నానా నీకు?"

"భయం కాదక్కా. నువ్వు నాకోసం చేసినదానికి, ఈ ఒక్కటీ కాదని ఎలా అనను?"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమూ ఉంది. ఇన్నాళ్ళూ తను ఒక్కతే సంబరపడుతుంటే చెల్లెలు పక్కనే కూర్చుని తల ఊపిందన్నది ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. ఆ మాటా అని, వెంటనే అంది: "జడ వేసింది నువ్వు రుణం తీర్చుకోవాలని కాదే. జుట్టు చిక్కుపడిందని వేశాను."

నిదానానికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. తాగి, ఆ పిల్లకి ఇప్పుడైనా చదవడం వచ్చిందా అని అడిగింది. రాలేదని నిదానం చెప్పింది.

"మరింకేం. ఫోన్ చెయ్. ఇక్కడే, నా ముందే. నీకు వదిలేస్తే తల నెరిసేదాకా ఆలోచిస్తావు."

రేవు యూనివర్సిటీ ఆఫీసులో ఫోనెత్తినామె, జవాబివ్వాల్సిన గడువు నిన్నటితోనే అయిపోయిందని చెప్పి, కాసేపు ఆగమంది. నిదానం ముఖం పాలిపోయింది. అక్క ఫోన్‌కి చెవి ఆనించి ఊపిరి బిగబట్టింది. అవతల ఎవరో ఎవరినో అడుగుతున్నారు, తలుపు తీసిన చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. చివరికి ఆమె లైన్లోకి వచ్చి, ఆ సీటు సాయంత్రం వేరేవాళ్ళకి ఇవ్వబోతున్నామని, ఇంకా ఇవ్వలేదని, ఇక అది మీదేనని చెప్పింది. కాస్త ముందు చెప్పి ఉంటే మాకు ఇంత కంగారు ఉండేది కాదని చిన్న చురక కూడా వేసింది. ఆ చురకకు నిదానం పదిసార్లు థాంక్స్ చెప్పింది.

ఫోన్ పెట్టేశాక గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆకలి కూడా ఒక్కసారిగా గుర్తొచ్చింది. క్యాంటీన్‌లో ఉన్నవాటిలో ఏది కావాలో అడగకుండా, అక్క రెండు ప్లేట్లు తెప్పించింది. నిదానం తన ప్లేటు ఖాళీ చేసి అక్క ప్లేటు వైపు చూసింది. అక్క దాన్ని ఇటు నెట్టింది.

ఇంటికొచ్చి చెబితే నాన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. సరిపడని పళ్ళ సెట్టు ఎంత ఖరీదైనదైనా గ్లాసులోనే ఉంటుంది తప్ప నోట్లోకి రాదని మాత్రం అన్నాడు. బావకి ఊరందరికీ మళ్ళీ మొదట్నుంచి చెప్పుకురావాల్సిన పని పడింది.

బడికి సెలవు పెట్టే ముందు నిదానం ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, పిల్ల మొద్దూ కాదు, సోమరీ కాదు, నేర్పడం తనకే ఇంకా రాలేదని తల్లితో చెప్పింది. నేర్చుకుని సెలవులకల్లా వచ్చి పిల్ల పక్కన కూర్చుంటానని మాట కూడా ఇచ్చింది. ఆ తల్లి చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు.

తరగతులు మొదలవడానికి ముందు, రేవు ఊళ్ళో గది వెతకడానికి అక్కే వెంట వచ్చింది. సముద్రపు గాలికి బట్టలు ఆరవని కింది వాటా వద్దంది, మెట్లు నిటారుగా ఉన్నాయని ఇంకోటి వద్దంది. మూడో ఇంట్లో ఇంటావిడను పట్టుకుని, నీళ్ళు ఎప్పుడొస్తాయి, వీధి దీపం వెలుగుతుందా లేదా అని ఆరా తీయడం మొదలుపెట్టింది. ఇంటావిడా తక్కువది కాదు, మాటకి మాట అప్పజెబుతోంది. నిదానం బయట అరుగు మీద పెట్టె ఆనించి కూర్చుంది. వీధి చివర ఓడ ఒకటి మెల్లగా రేవులోకి వస్తోంది. లోపల అక్క గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. నిదానం చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, గాలికి ముఖం తిప్పింది.