పొగమంచు లోయలో నా మంత్రం

నేను ఒక వెదురు మంత్రదండాన్ని. మంత్రం పోయి చాలా కాలమైంది. దండం మాత్రం మిగిలింది.

నన్ను చెక్కింది మబ్బుకొండ మంత్రాల బడి పెద్ద, వాగ్దేవమ్మ గారు. బడిలో కొత్తగా చేరిన ముక్త అనే పిల్ల చేతిలో నన్ను పెట్టారు. మంత్రదండం తనతో మొదట మంత్రం వేసిన చేతికే లొంగుతుంది. పరాయి చేతికి లొంగితే ఉన్న శక్తంతా ఒక్కసారిగా కాలిపోతుంది, మళ్లీ రాదు.

ముక్తకు స్నేహితులు లేరు. తారిణి అనే ప్రత్యర్థి మాత్రం ఉంది. తారిణి కాగితపు పిచ్చుకను ఎగరేస్తే, ముక్త కాగితపు కొంగను ఎగరేసేదాకా నాకు నిద్ర ఉండేది కాదు. ఇద్దరికీ మాటల్లేవు. కానీ ముక్త నాతో చెప్పుకునేదంతా తారిణి గురించే. అంతగా తలుచుకునే మనిషితో మాటలెందుకు మానేస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాది పోటీ పొగమంచు లోయలో పెట్టారు. లోయ చివరనున్న వెన్నెల రాయిని ముందు తెచ్చిన పిల్లే వాగ్దేవమ్మ గారి శిష్యురాలు. తారిణిని దాటిపోవాలన్న తొందరలో ముక్త అగాధం పక్కన నాచు పట్టిన బండ మీద జారింది. నేను గట్టున పడ్డాను. ఆమె కింద, పెళ్లలుగా ఊడిపోతున్న రాతి అంచును పట్టుకుని వేలాడుతోంది.

మంచులోంచి తారిణి వచ్చింది. దారిలో విరిగిన తన దండం ముక్కల్ని నడుముకు దోపుకుంది. ఎదురుగా, నాలుగడుగుల్లో, వెన్నెల రాయి. దాని వైపు చూసింది. కిందికి చూసింది. వంగి నన్ను తీసుకుంది.

"దాన్ని ముట్టుకోకు తారిణీ! నీ చేతిలో కాలిపోతుంది!" అని అరిచింది ముక్త.

"కాలితే కాలనీ! నువ్వు పడిపోతే నేనెవరితో పోటీ పడను? మాట్లాడకుండా గట్టిగా పట్టుకో!"

తారిణి నన్ను ముక్త వైపు కిందికి చాచింది. లొంగడమా, మొండికేయడమా అన్నది నా ఇష్టమే. లొంగితే ఇక ముక్త నాతో ఏ మంత్రమూ వెయ్యలేదు. కింద మరో పెళ్ల ఊడిన చప్పుడైంది.

లొంగాను. నా కణుపులన్నీ పగిలి పచ్చని తీగలు కిందికి పాకాయి. వాటిని పట్టుకుని ముక్త పైకి వచ్చింది. తీగలు బూడిదయ్యాయి. నేను చల్లబడిపోయాను.

"రాయి నువ్వు తీసుకో" అంది ముక్త. "నాకొద్దు, నువ్వే తీసుకో" అంది తారిణి. చివరికి దాని మీదా పంతం పట్టి, రాయిని అక్కడే వదిలేసి, చేయీ చేయీ పట్టుకుని తిరిగొచ్చారు.

ముక్తకు కొత్త దండం ఇచ్చారు. అది న్యాయమే. నేను సామాన్ల గదిలో, కిటికీ గట్టు మీదికి చేరాను. బయటి నుంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తుంటాయి. తారిణి గురించి చెప్పుకోవడానికి ముక్తకు ఇప్పుడు నేను అక్కర్లేదు. తారిణితోనే చెప్పుకుంటుంది.

అప్పుడప్పుడు ముక్త ఒక్కతే వస్తుంది. నన్ను తీసి దుమ్ము తుడుస్తుంది.

"నా మీద కోపమా?" అని అడుగుతుంది.

ఆమె అరచేతి వెచ్చదనం నాకు తెలుస్తూనే ఉంటుంది. కోపం లేదని చెప్పే దారి మాత్రం లేదు. ఆమె కాసేపు ఎదురుచూస్తుంది. ఇంతలో బయటి నుంచి తారిణి కేక వేస్తుంది. ముక్త నన్ను మెల్లగా గట్టు మీద పెట్టి పరుగెత్తుతుంది.