ఎర్ర మూత డబ్బా

ఆ ఉదయం ఆకాశం ఇసకతో తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. మబ్బు తునక లేదు. అకాగి కొండ మీంచి వచ్చే పొడిగాలి తెల్లవారకముందే మొదలై రేకుల్నీ కిటికీల్నీ దడదడలాడిస్తోంది. అంత గాలిలో ఎదురింటి కనాయ్ మామ్మగారు చేతికర్ర పొడుచుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. ఎర్ర మూత ఉన్న డబ్బా మా ఆవిడ బిష్ని చేతిలో పెట్టి, నడుం వంచి నమస్కారం చేసి, వెళ్ళిపోయింది.

డబ్బాలో ఆరు కమలాలున్నాయి. నేను వాటిని ఎత్తి అడుగున చూశాను. కాగితం లేదు.

మేముండే ఇల్లు కనాయ్ మామ్మగారిదే. రెండేళ్ళ ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండాలంటే కాగితం మీద ఆమె ఎర్ర ముద్ర పడాలి. కాగితం ఆమెకిచ్చి పదిహేను రోజులైంది. మిగిలింది పది రోజులు. కమలాలొచ్చాయి, సబ్బులొచ్చాయి, సముద్రపు నాచు పొట్లాలొచ్చాయి. కాగితం మాత్రం రాలేదు.

ఈ కిర్యూ ఊళ్ళో మాలాంటి పరాయి దేశం వాళ్ళకి ఇల్లు దొరకడం ఏమిటో నాకు తెలుసు. ఏడిళ్ళు తిరిగాను. ఒకాయన నూనె వాసన గోడలకి పడుతుందన్నాడు. ఒకావిడ చాలాసేపు ఆలోచించినట్టు తల పక్కకి వంచి, అలాగే ఉండిపోయింది. మిగతావాళ్ళు ఎంతో మర్యాదగా తలుపు వేశారు. మాది మన దేశంలో ఉత్తరాన తెహ్రీ కొండల్లో ఊరు. స్టేషన్ పక్కన హోటల్లో వంటవాణ్ణి. మా ఊళ్ళో నేనెప్పుడూ తినని నాన్‌లు ఇక్కడ చాటంత చాటంత చేసి కాలుస్తాను. పన్నెండేళ్ళు ఆ హోటల్ మేడ మీద నలుగురు వంటవాళ్ళ పక్కన పడుకున్నాను. ఈ ఇల్లు దొరికాకే బిష్ని వచ్చింది. ఇల్లు పోతే ఆమె కొండకి, నేను మేడ మీదికి. అంతే.

డబ్బా సంగతి మొదలైంది ఆమె వచ్చిన మొదటి వారంలో. మామ్మగారు ఉడికించిన చిలగడదుంపలు ఆ డబ్బాలో పెట్టి ఇచ్చింది. మా కొండల్లో ఇంటికొచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు గింజలు, అవీ లేకపోతే బెల్లం ముక్క. బిష్ని పకోడీలు వేసి పంపింది. ఇక్కడి వాళ్ళకేమో, ఒకరి దగ్గర ఏదైనా పుచ్చుకుంటే అందులో సగమైనా తిరిగి ఇవ్వకపోతే నిద్రపట్టదు. పకోడీలకి బదులు తువ్వాలు వచ్చింది, అదే డబ్బాలో. డబ్బా వచ్చింది కాబట్టి బిష్ని హల్వా పంపింది. హల్వాకి బదులు టీ ఆకు వచ్చింది. సగం, సగంలో సగం అనుకుంటూ పోతే ఎప్పటికైనా ఒక గింజ దగ్గర ఆగేదే. కానీ బిష్ని ప్రతిసారీ అంచుదాకా నింపుతుంది. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ డబ్బాతోనే మాట్లాడుకుంటారు. ఇప్పుడు మా ఇంట్లో పదకొండు కొత్త తువ్వాళ్ళున్నాయి.

నేను కసిరాను, బతిమాలాను, మళ్ళీ కసిరాను. గోడకి చెప్పినా ఒకటే.

కమలాలొచ్చిన గంటకి వీధి సంఘం పెద్ద హగివారా వచ్చాడు, కాలవ పూడిక తీసే ఆదివారం ఎప్పుడో చెప్పడానికి. ఆ మాట చెప్పేసీ కదల్లేదు. ఈ ఏడు గాలి ఎక్కువగా ఉందన్నాడు. కనాయ్ గారి మోకాలు బాగా లేదన్నాడు. ఆవిడ కానుకలు కొనే దుకాణమేమో ఎగువన, మెట్ల దారిలో ఉంది, ఆవిడ రోజు మార్చి రోజు ఎక్కుతోంది అన్నాడు. తర్వాత ఆకాశం వంక చూసి, ఇల్లు కొన్నాళ్ళు ఖాళీగా పెట్టుకుంటే తనకి విశ్రాంతిగా ఉంటుందేమోనని ఆవిడ అంటోందన్నాడు. పద్నాలుగేళ్ళు ఇక్కడున్నవాణ్ణి. ఇక్కడ ఆకాశం చూసి మాట్లాడారంటే అది తిట్టేనని నాకు తెలుసు.

లోపలికొచ్చి కమలాలు బుట్టలో పోశాను. డబ్బా కడిగాను.

"ఇవాళ ఇది ఖాళీగా వెళ్తుంది," అన్నాను.

"ఎవరు పోయారని ఖాళీగా పంపడం?" అంది బిష్ని.

"నీ పూరీలకి బదులు తేవడానికి ఆ ముసలావిడ ఈ గాలిలో మెట్లెక్కుతోంది. అందుకే ముద్ర వెయ్యట్లేదు."

"నేనేం తెమ్మన్నానా? ఆవిడ ఆపితే నేనూ ఆపుతాను."

"నువ్వాపితే ఆవిడ ఆపుతుంది."

"పెద్దది కదా, ముందు ఆవిడే ఆపాలి."

డబ్బా తుడిచి గుమ్మంలో పెట్టి, వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నాను. అంతసేపూ బిష్ని నోరెత్తలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మామ్మగారి గేటు దగ్గరికి వెళ్ళేసరికి డబ్బాలో ఏదో గలగలమంది. మూత తీశాను. బెల్లం ముక్క. నేను తాళ్ళు కట్టుకుంటుంటే వేసేసింది. దాన్ని పారేయడానికి చేతులు రాలేదు, జేబులో వేస్తే అంటుకుంటుంది. నోట్లో వేసుకున్నాను. అప్పుడే తలుపు తెరుచుకుంది.

మామ్మగారు ఉన్ని టోపీ పెట్టుకుని, మోచేతికి ఖాళీ గుడ్డసంచి తగిలించుకుని ఉంది. దుకాణానికి బయలుదేరుతోంది. పన్వార్ గారా అని నన్ను పలకరించింది. బుగ్గలో బెల్లంతో ఏం మాట్లాడను? వంగి డబ్బా చేతికిచ్చాను. బరువు లేదని తెలిసిందేమో, మూత తీసి చూసింది. చాలాసేపు చూసింది.

"వేరే చోట ఇల్లు దొరికిందా?" అని అడిగింది మెల్లగా.

బెల్లం మింగేసి, లేదన్నాను.

"మరి నా మీద కోపమొచ్చిందా?"

అదీ కాదన్నాను. ఆమె డబ్బా మూత వేస్తూ చెప్పింది. వాళ్ళమ్మ ఇరుగింటి గిన్నె ఎప్పుడూ వట్టిగా పంపేది కాదట. కరువు రోజుల్లో కూడా ఒక అగ్గిపెట్టెన్నా వేసి ఇచ్చేదట. వట్టి గిన్నె వచ్చిందంటే ఆ ఇంటితో మాటలు తెగినట్టేనట.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో బెల్లం, వీళ్ళింట్లో అగ్గిపెట్టె. రెండు దేశాలు, ఒకటే జబ్బు.

"మరి ఆ కాగితం?" అన్నాను. పదిహేను రోజులుగా అడగలేనిది నోరు జారి వచ్చేసింది.

ఆమె చెప్పుల వంక చూసుకుంది. "ముద్ర వేస్తే ఇంకో రెండేళ్ళు కదా, పన్వార్ గారూ. నాకు డెబ్బై తొమ్మిది. రెండేళ్ళు ఆ మెట్లు ఎక్కలేను. మీ ఆవిడేమో మంచిది, పంపడం మానదు. క్షమించండి."

"మామ్మగారూ, ఇవాళ నాకు సెలవు. మధ్యాహ్నం మా ఇంటికి రండి. అక్కడే తినండి, అక్కడే చెయ్యి కడుక్కోండి. గిన్నె మా గడప దాటదు."

"వట్టి చేతులతో ఎలా వస్తాను?"

"వట్టి చేతులతోనే రండి," అన్నాను. గొంతు పెరిగింది. వెంటనే వంగి క్షమించమన్నాను. ఆమె కూడా వంగింది, తలుపు వేసుకుంది. వస్తానన్నట్టా, రానన్నట్టా? ఈ ఊళ్ళో అది తెలుసుకోవాలంటే ఆగి చూడాల్సిందే.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. బిష్ని అంతా విని, "బెల్లం ఏం చేశారు?" అంది.

"తిన్నాను."

"బాగుంది," అని వంటింట్లోకి వెళ్ళింది. మొన్న మామ్మగారు పెరట్లోంచి పీకి ఇచ్చిన మోచెయ్యంత ముల్లంగిని రాతి మీద పెట్టి దంచింది. ఆ దంచడం నా కోసమే. దాంతో పులుసు పెట్టింది, ఊరి నుంచి తెచ్చిన ఉలవలు ఉడకేసింది, రాగి రొట్టెలు కాల్చింది.

పన్నెండున్నరకి గంట మోగింది. మామ్మగారు ఒక చేత్తో కర్ర పట్టుకుని నిలబడింది. రెండో చేతిలో ఎర్ర మూత డబ్బా. నా ప్రాణం ఉసూరుమంది. బిష్ని నా వంక చూసింది, చెప్పానా అన్నట్టు.

ఆమె లోపలికొచ్చి బల్ల ముందు మెల్లగా కూర్చుని డబ్బా మూత తీసింది. లోపల మడతపెట్టిన కాగితం, చిన్న ముద్ర, ఎర్ర సిరా ఉన్నాయి. కాగితం పరిచి రెండు చోట్ల ముద్ర వేసి, ఆరేదాకా ఊది, రెండు చేతులతో నాకిచ్చింది.

బిష్ని చూపు అలమరలో బాదంపప్పు సీసా మీదికి పోయింది. సగం లేచింది కూడా. నేను ఉరిమి చూశాను. కూర్చుంది.

వడ్డించింది. మామ్మగారు బిష్ని చేతిని గమనించి, అలాగే రొట్టె తుంపి పులుసులో ముంచి తింది. ఇంకో ముక్క తుంపింది. బల్ల మధ్యలో డబ్బా ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. బిష్ని ఒకసారి దాని వంక చూసింది. కాసేపటికి మామ్మగారూ చూసింది. నేను ఎడమచేత్తో మూత వేసి, దాన్ని నా వెనక్కి జరిపాను. బయట గాలి రేకుల్ని కొడుతోంది. ముగ్గురం తల వంచుకుని తింటున్నాం.