నవ్వుల సంతలో ముందు వరస

తిప్పమ్మ బ్యాగులో నేను దుప్పటి పెట్టడం అది మూడోసారి. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ ఆమె తీసి మంచం మీద పడేసింది.

"బెంగళూరులో చలి," అన్నాను.

"ఫాతిమక్కా, నేను పోతాండేది పన్నెండంతస్తుల బిల్డింగు కట్టే కాడికి. నలభైమంది కూలోళ్లకు అన్నం వండాల. పొయ్యి ముందర కూచునేదానికి చలి యాడిది?"

"రాత్రికో?"

"రాత్రికి పొయ్యిని పక్కలో పండబెట్టుకుంటా."

జిప్పుకు మైనం రాస్తున్న మా ఆయన బుడేన్ సాబ్ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బీపీ మాత్రలు చూశాను, ఆధార్ కార్డు చూశాను. మా ఫోను నంబరు మూడు కాగితాల మీద రాసి మూడు చోట్ల పెట్టాను. నేను బడికి పోలేదు. మా అంగట్లో బ్యాగులు ఉబ్బుగా నిలబడేలా లోపల కుక్కే పాత పేపర్లు చూసి ఒక్కో అక్షరమే నేర్చుకున్నాను. అందుకని ఏదైనా రాస్తే అది పోకుండా ఉండాలని ఒకటికి మూడుసార్లు రాస్తాను.

"ఇన్ని తావుల రాసినావే, నేనేమన్నా తప్పిపోయే మేకపిల్లనా?" అంది తిప్పమ్మ.

"ఈ వయసులో పోకపోతే ఏమే?"

"నా బొరుగులు కొనేవాళ్లు ఈడ యాడుండారు? బెళుగుప్పోళ్లు బెంగళూరులోనే ఉండారు, ముదిగుబ్బోళ్లు బెంగళూరులోనే ఉండారు. బేరమంతా ఆడికి పోయినంక నేనొక్కదాన్ని ఈడ గంప పెట్టుకోని ఎవురికి మొగం చూపాల?"

అది 2019 జనవరి. మరునాడు ఆదివారం సాయంత్రం నవ్వుల సంత. సోమవారం తెల్లవారుజామున తిప్పమ్మ రైలు.

నవ్వుల సంత అంటే ఇప్పుడు అనంతపురంలో అందరికీ తెలుసు. ఎట్లా మొదలైందో తెలిసినవాళ్లు తక్కువ. 2002లో వానలు పడలేదు. శనక్కాయ చెట్టు చేన్లోనే ఎండిపోయింది. పాతూరులో మాది బ్యాగులు కుట్టే అంగడి. పల్లెల నుంచి వచ్చి రైలెక్కేవాళ్లు చినిగిన బ్యాగులు తెచ్చి, కుట్టేదాకా మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఒక్కరూ మాట్లాడేవాళ్లు కాదు. మా అంగడి పక్కనే బొరుగుల గంప పెట్టుకునే తిప్పమ్మకు ఆ మౌనం పడేది కాదు. ఒకరోజు లేచి, కూలోళ్లను లెక్కపెడుతూ తనను తానే రెండుసార్లు లెక్కేసుకునే మేస్త్రీలా నడిచి చూపించింది. పిల్లల్ని కొట్టకుండా కొట్టినట్టు అరిచే అత్తగారిలా అరిచింది. మెట్ల మీద వాళ్లు నవ్వారు. మరుసటి రోజు అది చూడడానికే నలభైమంది వచ్చారు. దారి మూసుకుపోయింది. ఆ పక్క బడి హెడ్‌మాస్టరు శ్రీరంగప్ప సార్ సైకిలు దిగి, "రోడ్డు మీద కాదమ్మా, మా బడిలోకి రాండి," అన్నారు.

అదే మొదటి సంత. చూసేవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నారు. ఇమ్మానుయేల్ తన మైకుసెట్టు తెచ్చాడు. మా ఆయన పాత రెక్సిన్ ముక్కలన్నీ కలిపి తెర కుట్టాడు. పదిహేడేళ్లలో మాలో ఎవరూ రూపాయి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోరు.

ఆ మొదటి ఏడే వజ్రకరూరు నుంచి వచ్చిన ఒకాయన, తెల్లారితే రైలెక్కాల్సినవాడు, తానూ ఒక హాస్యం చెబుతానని స్టేజీ ఎక్కాడు. అమ్మేసిన తన ఎద్దు గురించి మొదలుపెట్టాడు. ఎద్దు పేరు చెప్పి ఆగిపోయాడు. అట్లే నిలబడ్డాడు. కింద అతని పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. తిప్పమ్మ పోయి చెయ్యి పట్టుకుని దించి, ముందు వరసలో కూర్చోబెట్టి, అతను నవ్వేదాకా వదలలేదు. ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. ఊరు విడిచి పనికి పోయేవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి. స్టేజీ ఎక్కకూడదు. నవ్వించే పని ఇక్కడ ఉండేవాళ్లది. ముందు వరసలో ఒక్కరు నవ్వకుండా మిగిలినా సంత ముగించకూడదు. ఒక ఏడు ముదిగుబ్బ గొర్రెల కాపరి ఒకాయన ఎంతకీ నవ్వకపోతే, తిప్పమ్మ గంప నెత్తిన పెట్టుకుని అతని పొట్టేలులా చుట్టూ తిరిగి తిరిగి నవ్వించింది.

నాకు ఆ పద్ధతి మీద పెద్ద నమ్మకం. మా తమ్ముడు బాషాను 1988లో గుంతకల్లు స్టేషన్లో నేను ఏడుస్తూ సాగనంపాను. మళ్లీ చూడలేదు. నవ్వుతూ పోయినవాళ్లు తిరిగి వస్తారని నా మనసుకు ఎట్లానో పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తిప్పమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. నా భయం అదే. పదిహేడేళ్లలో ఆమె ఎవరి హాస్యానికీ నవ్వగా నేను చూడలేదు. అందరినీ నవ్విస్తుంది, తాను మాత్రం మొహం బిగించుకుని జనాన్ని చూస్తూ ఉంటుంది.

ఆదివారం సాయంత్రం ముందు వరసలో ముప్పై ఏడుమంది. బ్యాగులు కాళ్ల దగ్గర. తిప్పమ్మ మధ్యలో చేతులు కట్టుకుని కూర్చుంది. మొదట బస్సు కండక్టరు గిరి ఎక్కి, చిల్లర అడిగే ముసలమ్మను చేసి చూపించాడు. వరసంతా నవ్వింది.

"గిరీ, ఆడ ఆగాలప్పా," అంది తిప్పమ్మ కూర్చున్న చోటి నుంచే. "జనం నవ్వేదానికి తావియ్యాల కదా. బస్సు మాదిరి ఆపకుండా పోతాండావే!"

ఆ మాటకు జనం ఇంకా నవ్వారు. ఆమె నవ్వలేదు. తర్వాత ముగ్గురు ఎక్కారు. ముగ్గురికీ తప్పులు దిద్దింది. ఏడున్నర అయింది. ముప్పై ఆరుమందీ నవ్వారు, ఆమె ఒక్కతే మిగిలింది.

తెర వెనక అందరం గుమిగూడాం.

"ఆయమ్మే కదా మనకు నేర్పించింది," అన్నాడు గిరి. "ఆయమ్మకు తెలీని హాస్యం యాడ తెచ్చేది?"

"ఈసారికి ముగించేద్దామా?" అన్నాడు ఇమ్మానుయేల్. "పొద్దున్నే రైలు పాపం వాళ్లకి."

తెర సందులోంచి తిప్పమ్మ బ్యాగు కనిపించింది. జిప్పు జానెడు తెరిచి ఉంది. నాకు అప్పుడు ఇంకేమీ తోచలేదు. మెట్ల దాకా తిరిగిపోయే ఓపిక లేక నేరుగా స్టేజీ మీదుగా నడిచాను. మైకు ముందుకు వచ్చేశానని తెలియలేదు.

"మే తిప్పమ్మా, జిప్పు తెరుచుకోని ఉండాది!"

నా గొంతు బడంతా మోగింది. జనం నవ్వారు. నేను వెనక్కి తిరిగేదాన్నే, కానీ పైనుంచి చూస్తే వరసంతా కనిపించింది. ముప్పై ఏడు బ్యాగులు. పొద్దున ఎవరు ఏం మరిచిపోతారోనని అడగకుండా ఉండలేకపోయాను.

"ఏమప్పా ఎర్ర చొక్కా, టికెట్టు యాడ పెట్టినావు?"

అతను జేబు తడిమాడు. లేదు. ఇంకో జేబు తడిమాడు. లేదు. చివరికి భార్య తన కొంగు ముడి విప్పి చూపించింది.

"ఇంటికి తాళమేసినారా?"

"వేసినాం పెద్దమ్మా."

"తాళంచెవి?"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తాళానికే ఉండాదేమో," అన్నాడతను. బడి ఆవరణ గొల్లుమంది.

"నవ్వుతారేందప్పా? నువ్వు, ఆ చివర కూచున్నాయన, మేకలకు నీళ్లు పెట్టేదెవురు?"

"మా యత్త."

"మీ యత్తకు మాత్రలిచ్చేదెవురు?"

నేను నిజంగానే అడిగాను. వాళ్లు కుర్చీల మీద వంగిపోయి నవ్వుతున్నారు. నాకు కోపం వచ్చింది. తెర పక్కన మా ఆయన రెండు చేతులూ ఎత్తి అరిచాడు: "నలభై ఏండ్లుగా ఇది నేనొక్కణ్ణే చూస్తాండా! ఇయ్యాల మీరూ చూడండి!"

తిప్పమ్మ మాత్రం నా వైపే చూస్తోంది. పెదవి కదలలేదు.

"నీకు నవ్వెందుకు రాదే?" అన్నాను. "నువ్వు నవ్వకుండా పోతానంటే నేను పోనియ్యను. పొద్దున్నే రైలుకు అడ్డం పండుకుంటా."

"ఏ ప్లాట్‌ఫారం కాడక్కా?" అంది తిప్పమ్మ.

"స్టేషనోళ్లు ఇంకా చెప్పల్యా. ముందుగా పోయి కనుక్కోవాల. ఒకటో దాంట్లో పండుకుంటే, అది రెండో దాంట్లో వస్తే?"

తిప్పమ్మ భుజాలు కదిలాయి. మొదట శబ్దం రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు ఆగలేదు. ఎక్కిళ్లు వచ్చినట్టు, చిన్నపిల్ల గిలిగింతలు పెట్టించుకున్నట్టు నవ్వింది. కుర్చీ వెనక్కి ఒరిగితే పక్కవాళ్లు పట్టుకున్నారు. ఆ నవ్వు చూసి గిరి నవ్వాడు, శ్రీరంగప్ప సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి నేనూ నవ్వాను.

"ఇన్నేండ్లు యాడ దాచిపెట్టుకున్నావక్కా దీన్ని?" అంది తిప్పమ్మ ఊపిరి అందకుండా. "నాకు పోటీకొస్తావని చెప్పల్యా!"

పొద్దున స్టేషన్లో నేను ఏడవలేదు. రైలు కదిలాక ఆమె కిటికీలోంచి, "ఇంటికి పోయి తాళంచెవి చూసుకో!" అని అరిచింది. వచ్చేస్తుందిలే అనుకుంటూ ఇంటికి నడిచాను. దారి పొడుగునా కాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

అప్పటి నుంచి ప్రతి సంతలోనూ చివరగా నన్నే స్టేజీ ఎక్కిస్తున్నారు. టికెట్టు, తాళం, మాత్రలు, మేకలు. జనం నవ్వుతారు. నేను అడిగేది మాత్రం నిజంగానే. నవ్వితే తిరిగి వస్తారని ఇప్పుడు అనుకోను. అయినా ముందు వరసలో అందరూ నవ్వేదాకా దిగను.

ఆ ఏడు ముందు వరసలో కూర్చున్న ముప్పై ఏడుమందిలో ముప్పై ఆరుమంది తిరిగి వచ్చారు. తిప్పమ్మ రాలేదు. ఎనిమిది రోజుల జ్వరంతో బెంగళూరులో చనిపోయింది. 2019 అక్టోబరు ఇరవై రెండు, మంగళవారం.