కిటికీ లేని వంటగది

అణుబాంబు పేలితే ఇళ్లేమవుతాయో బాంబు లేకుండానే తేల్చడం ఆయన ఉద్యోగం. నాలుగు బస్సులంత పొడవున్న ఇనుప గొట్టంలో ఒక చివర గాలి కుక్కి, అడ్డంగా బిగించిన రేకును పగలనిస్తే, ఆ గాలి రెండో చివరనున్న బొమ్మ ఇళ్లను ఒక్క తాపు తంతుంది. ఆఫీసులో అందరికీ ఆయన బాంబుల బాబాయి. ఇంట్లో కుక్కర్ కూతకు ఉలిక్కిపడతాడన్న సంగతి పాపం వాళ్లకు తెలియదు.

అంతటి మహానుభావుడు సొంత ఇల్లు కట్టుకుంటూ వంటగదికి కిటికీ పెట్టనివ్వలేదు. బాంబు గాలికి కిటికీయే దారట. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పదకొండేళ్లలో బాంబు రాలేదు గానీ, పొగ మాత్రం రెండు పూటలా వచ్చింది. భార్యకు దగ్గు పట్టుకుంది. ఆ పొగలో ఇంకో ఏడాది వండితే ఇక తన వల్ల కాదని డాక్టరు చెప్పేశాడు.

"ఒక్క కిటికీ అండీ," అంది ఆవిడ ఆ పొద్దున.

"ఇవాళ మన వంటగది బొమ్మలే రెండు పెడుతున్నా. ఒకదానికి కిటికీ ఉంది, ఒకదానికి లేదు. కిటికీది కూలకపోతే నా చేత్తో నేనే గోడ పగలగొడతా, సరేనా?"

ఈ దెబ్బతో ఆవిడ నోరు మూయించొచ్చని మురిసిపోతూ వెళ్లాడు.

రేకు పగిలింది. దుమ్ము అణిగాక ఆఫీసులో కొలతలు చూసే అమ్మాయి గొట్టంలోకి తొంగిచూసింది.

"బాబాయ్ గారూ, కిటికీ లేని గది పడుకుంది. కిటికీ గది నిలబడింది."

"సరిగ్గా చూడమ్మా."

"చూశానండీ. కిటికీలోంచి గాలి లోపలికి దూరి గోడను లోపలి నుంచీ నెట్టి ఆపింది. రెండోదానికి దెబ్బంతా బయటి నుంచే."

ఆయన విడిగా ఉంచిన అలాంటి బొమ్మలతోనే మరో రెండుసార్లు చేయించాడు. కిటికీ గదికి సిగ్గు లేదు, రెండుసార్లూ నిలబడింది. ముప్ఫై ఏళ్లుగా ఊరందరి గోడల జాతకం చెప్పినవాడికి సొంత గోడ దగ్గర బుద్ధి గడ్డి తిన్నది. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడట అని తనే నవ్వుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చి సుత్తి పట్టుకున్నాడు.

"గాజు మాత్రం పెట్టొద్దు. ముక్కలు ఎగురుతాయి," అన్నాడు చివరి పట్టుదలగా.

"గాజు ఎవరడిగారు? నేనడిగింది గాలి."

చీకటి పడేలోపు గోడకు కంత పడింది. ఆవిడ పొయ్యి వెలిగించింది. పొగ తిన్నగా బయటికి పోయింది. ఆయన ఒళ్లంతా సున్నంతో, అలవాటైన దగ్గు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

"పదకొండేళ్లు. ఏ బాంబూ చేయని పని నీకు నేను చేశాను," అన్నాడు.

ఆవిడ తిరిగి చూసింది.

"ముందు చెవులు మూసుకోండి. కుక్కర్ కూత వేస్తుంది."