పిచ్చుక గొంతు

ఆసుపత్రి కుట్టుగదిలో దుప్పట్ల అంచులు కుట్టే ఆవిడకి నోట్లో ఎప్పుడూ నానే మాట ఒకటుంది: ఎందుకైనా మంచిది. ఎండ మండిపోతున్నా సంచిలో గొడుగు ఉండాల్సిందే, ఎందుకైనా మంచిది. తలుపుకి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసుకుంటుంది, ఎందుకైనా మంచిది. కూతురు ఒక్క తుమ్ము తుమ్మితే ఆవిడ మనసు అప్పటికే ఏ డాక్టరు గుమ్మం ముందో బెంచీ మీద కూర్చుని ఉంటుంది.

అన్ని భయాల్లోనూ ఒక్కటి నిజమైంది. కూతురి గొంతులో గడ్డ లేచింది.

ఆ పిల్లని చిన్నప్పటినుంచీ అందరూ పిచ్చుక అనే పిలిచేవాళ్ళు. జడ వేయించుకుంటూ మాట్లాడేది, మంచినీళ్ళు తాగుతూ మాట్లాడబోయి పొలమారేది, నిద్రలో కూడా ఎవరితోనో వాదన పెట్టుకునేది. అలాంటిదానికి, స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు గానీ ఇక మాట రాదు అని డాక్టరు చెప్పాడు. తల్లి ఇంకో డాక్టరుకి చూపిద్దామంది. పిచ్చుక మాత్రం, "అయితే ఆలోపు చెప్పాల్సినవన్నీ చెప్పేస్తాను" అంది.

నిజంగానే చెప్పేసింది. ఆసుపత్రిలో మాట తడబడేవాళ్ళకి పాఠాలు చెప్పే టీచరమ్మ, పిచ్చుక వాళ్ళింట్లో ఉన్న కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం వేయించింది. అందులో ఒక్కో మాటా చెప్పి దాచుకుంటే, తర్వాత తెరమీద దాని బొమ్మ నొక్కగానే ఆ మాట అదే గొంతుతో పలుకుతుంది. ఆపరేషను తేదీ వచ్చేదాకా పిచ్చుక మైకు ముందునుంచి లేవలేదు. బస్సు కండక్టరుతో తగువు, కూరగాయలాయనతో బేరం, పక్కింటివాళ్ళకి పలకరింపు, అలిగినప్పుడు ఒకటి, రాజీకొచ్చినప్పుడు ఒకటి.

తల్లికి మాత్రం ఇవేవీ పనికొచ్చే మాటల్లా కనిపించలేదు. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఇవన్నీ సరే. ‘మంటలంటుకున్నాయి, పరిగెత్తుకు రండి’ అను."

"అమ్మా, మంటలంటుకుంటే నేను కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు నొక్కుతానా? పారిపోనూ?"

"నోర్ముయ్. చెప్పింది చెయ్యి." అనేశాక ఆవిడ నాలుక కరుచుకుంది.

పిచ్చుక ఏమీ అనుకోలేదు. మంటలంటుకున్నాయని చెప్పబోయి సగంలోనే పకపకా నవ్వింది.

"నవ్వుతూ చెబితే ఎవరు నమ్ముతారే? మళ్ళీ చెప్పు."

అలా ‘ఊపిరాడట్లేదు’, ‘కిందపడ్డాను’, ‘ఎవరో తలుపు కొడుతున్నారు’, ‘డాక్టర్ని పిలవండి’ అన్నీ చెప్పించింది. సమయానికి కంప్యూటర్ మొరాయిస్తే ఏం గతి అని, వాటిని విడిగా తన ఫోన్లో కూడా రికార్డు చేసుకుంది. నవ్వు కలిసినవాటిని తనే కూర్చుని చెరిపేసింది. పక్కాగా, భయంగా ఉన్నవి మాత్రం ఉంచుకుంది.

"మిగతావి కూడా ఫోన్లోకి ఎక్కించుకోవే" అంది పిచ్చుక.

"కబుర్లకేం తొందర? కంప్యూటర్లో ఉన్నాయిగా."

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ పోయింది, ప్రాణం నిలిచింది. ఇంట్లో మాట మళ్ళీ మొదలైంది, కంప్యూటర్లోంచి. తల్లి చెయ్యి పట్టుకుని ఆందోళన పడుతుంటే పిచ్చుక ‘కండక్టర్‌గారూ, నన్ను ఎక్కడ దించుతారు?’ అన్న బొమ్మ నొక్కేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, ఒకరు చప్పుడుతో, ఒకరు చప్పుడు లేకుండా. బొమ్మల్లో లేని మాటలుంటే తెరమీద టైపు చేసి చూపించేది.

మధ్యాహ్నం కుట్టుగదిలో మిషన్లు ఆగగానే ఆవిడ ఇంటికి ఫోను చేసేది. ఫోను కంప్యూటర్ స్పీకరు దగ్గర పెట్టి పిచ్చుక ఎప్పుడూ ఒకే బొమ్మ నొక్కేది. "నేను బాగానే ఉన్నానమ్మా. నీ పని నువ్వు చూసుకో." చివర కాస్త విసుగు, ఆ విసుగులో ముద్దు. అది వింటే తప్ప ఆవిడకి ముద్ద దిగేది కాదు.

"అమ్మాయి బాగుందటగా వదినా, ఇక తిను" అనేది పక్క మిషను ఆవిడ. "రోజూ అదే మాట, అదే గొంతు. నువ్వు మాత్రం రోజూ కొత్తగా వింటావు."

ఇలా ఉండగా పిచ్చుకకి ఒక ఉద్యోగం దొరికింది. ఒక పెద్ద దుకాణంలో సామాన్లు కొన్నవాళ్ళు రాసే ఫిర్యాదులకి ఇంట్లో కూర్చునే జవాబులు టైపు చెయ్యాలి. నోటితో పనిలేదు. పిచ్చుక ముఖం ఎన్నాళ్ళకో వెలిగింది. కానీ వాళ్ళిచ్చిన ప్రోగ్రాం ఎక్కితేగా! తెరమీద పచ్చగీత పాకుతూ పాకుతూ చివరిదాకా వచ్చి ఆగిపోయేది. మీ కంప్యూటర్ ఈ వెర్షనుకి సరిపోదు అనేది. మళ్ళీ మొదలుపెడితే చోటు చాలదంది. చోటు చేస్తే, ముందు ఇంకో ప్రోగ్రాం వేసుకోమంది. అది వెయ్యబోతే, దానికి అసలు కొత్త సిస్టమ్ కావాలంది.

"పెళ్ళిచూపుల్లో వంకలు పెట్టేవాళ్ళలా ఉందే ఇది" అంది తల్లి.

పైగా ఆ తంటాలకి పాత యంత్రం వేడెక్కి రొద పెట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు కాలిన వాసన కూడా వచ్చిందని ఆవిడ అంది. రాలేదని పిచ్చుక తల అడ్డంగా ఊపింది. అంతే, ఆవిడకి ఇక నిద్రలేదు. ఇవాళో రేపో ఇది పొగ కక్కి చస్తుంది, దీంతోపాటు పిల్ల గొంతూ పోతుంది.

"కొత్త సిస్టమ్ వేయిద్దామే. ఉద్యోగమూ నిలుస్తుంది, నీ గొంతూ భద్రంగా ఉంటుంది."

పిచ్చుక టైపు చేసింది: ఉద్యోగం పోతే పోయింది. ఇది నడుస్తోందిగా, కదపొద్దు.

"ఆగిపోయాక ఏడ్చి లాభమేంటి? ఎందుకైనా మంచిది, నా మాట విను."

వారమంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి పిచ్చుక నిట్టూర్చి, రాజీ బొమ్మ నొక్కింది. "సరే సరే, నువ్వే గెలిచావు."

ఆ గొంతు ఆ కంప్యూటర్లోంచి పలికిన చివరి మాట అదే.

రిపేరు ఆయన నిదానస్తుడు, పని తెలిసినవాడు. ముందు మొత్తం కాపీ తీసి, తీసినట్టు చూపించాడు కూడా. యంత్రం విప్పి దుమ్ము దులిపాడు, కొత్త భాగమేదో బిగించాడు, కొత్త సిస్టమ్ వేశాడు. ఉద్యోగం వాళ్ళ ప్రోగ్రాం ఒక్క ఊపులో ఎక్కింది. తల్లి చేతులు రెండూ జోడించింది.

తర్వాత మాటల ప్రోగ్రాం తెరిచాడు. అది తెరుచుకోలేదు.

"పాతది కదమ్మా, కొత్త సిస్టములో నడవట్లేదు. కంగారుపడకండి, పాత సిస్టమే మళ్ళీ వేసిస్తాను."

పాతదే వేశాడు. ఈసారి ప్రోగ్రాం తెరుచుకుంది గానీ, లోపలికి వెళ్ళనివ్వలేదు. కొత్తగా వేసినప్పుడల్లా కంపెనీవాళ్ళ దగ్గర్నుంచి అనుమతి తెచ్చుకోవాలట. ఆ అనుమతులిచ్చే ఏర్పాటునే కంపెనీవాళ్ళు ఎప్పుడో ఎత్తేశారట. ఆయన యంత్రాన్ని తన దుకాణానికి తీసుకెళ్ళి తనకు తెలిసినవన్నీ చేశాడు, తెలిసినవాళ్ళని అడిగాడు. చివరికి తలవంచుకుని తిరిగొచ్చాడు.

"పెట్టె భద్రంగానే ఉందమ్మా. తాళంచెవి ఇచ్చేవాళ్ళే కొట్టు కట్టేశారు."

"పగలగొట్టు బాబూ!"

"అదీ చూశాను. లోపలున్నది ఆ ప్రోగ్రాముకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు."

పిచ్చుక కంపెనీకి రాసింది. జవాబు మర్యాదగానే వచ్చింది. కొత్త వెర్షను తీసుకోండి, పాత రికార్డులు అందులోకి రావు, దయచేసి మీ మాటలు మళ్ళీ రికార్డు చేసుకోండి అని.

తల్లి ఆ వాక్యం చదివి, అర్థం కానట్టు మళ్ళీ చదివింది. పిచ్చుక మెడకి చుట్టుకున్న గుడ్డ సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

ఇంట్లో వెతకని మూల లేదు. పాత ఫోన్లు ఎప్పుడో పోయాయి. దొరికిన ఒకటి రెండు వీడియోల్లో ఆమె మాట జనం గోలలో కలిసిపోయింది. ఉద్యోగం పోగొట్టుకోకూడదని కొత్త సిస్టమే మళ్ళీ వేయించారు. దాంతోపాటు కొత్త మాటల ప్రోగ్రామూ వచ్చింది. ఏం టైపు చేసినా చదివేస్తుంది, ఒక్క తప్పు లేకుండా, వార్తలు చదివే మనిషిలా.

మధ్యాహ్నం మిషన్లు ఆగాయి. ఆవిడ అలవాటుగా ఇంటికి ఫోను చేసింది.

"నేను బాగానే ఉన్నానమ్మా. నీ పని నువ్వు చూసుకో" అంది ఎవరో ఆడమనిషి.

"రాంగ్ నంబరండీ" అని పెట్టేసింది. పెట్టేశాక గుర్తొచ్చింది.

"ఏమైంది వదినా? అమ్మాయి బాగుందా?"

"బాగానే ఉందట" అంది ఆవిడ. మూత తీసిన డబ్బా మళ్ళీ మూసేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నీళ్ళ చప్పుడులోంచి వినిపించింది.

"అమ్మా! ఊపిరాడట్లేదు. త్వరగా రా!"

అది పిచ్చుక గొంతు. సాక్షాత్తూ పిచ్చుక గొంతు. గిన్నె జారి కిందపడింది. తడికాళ్ళతో పరిగెత్తింది, స్టూలు మోకాలికి తగిలింది. ఇన్నేళ్ళుగా ఏ కేకకి భయపడి బతికిందో ఆ కేకే అది.

పిచ్చుక మంచం మీద కూర్చుని ఉంది. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. చేతిలో తల్లి ఫోను. కళ్ళు ధారలుగా కారుతున్నాయి.

తల్లి ఆమె వీపు నిమిరింది, నుదురు చూసింది, మెడమీద ఊపిరి తీసుకునే రంధ్రం దగ్గర చెయ్యి పెట్టింది. బాగానే ఉంది. పిచ్చుక ఫోను ఆవిడ వైపు తిప్పింది. ‘కిందపడ్డాను’, ‘ఎవరో తలుపు కొడుతున్నారు’, ‘డాక్టర్ని పిలవండి’. వరసగా అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

పిచ్చుక వేలు ‘మంటలంటుకున్నాయి’ మీద ఆగింది. నొక్కింది. గొంతు గంభీరంగా, భయంగా పలికింది. ఎక్కడా నవ్వు లేదు. తల్లి ఫోను లాక్కుని కిందికీ పైకీ జరిపింది. నవ్వు కలిసింది తన చేత్తోనే చెరిపేశానని తెలుసు. అయినా ఇంకోసారి కింది వరకూ జరిపింది.

తర్వాత మంచం అంచున కూర్చుని, ఫోను కూతురి చేతిలో పెట్టింది.

"మొదట వేసింది మళ్ళీ వెయ్యవే" అంది.

పిచ్చుక నొక్కింది.

"అమ్మా! ఊపిరాడట్లేదు. త్వరగా రా!"

"ఇక్కడే ఉన్నానమ్మా" అంది ఆవిడ, ఫోనుతో. "మళ్ళీ చెప్పు."