దాచిపెట్టిన ఆరేళ్లు

డాక్టరేట్ ఉంటే ఉద్యోగం వస్తుందని అందరూ అంటారు. ఆమెకు మాత్రం దాన్ని దాచిపెట్టాకే వచ్చింది.

అంతకుముందు మూడు కంపెనీలు మర్యాదగా సాగనంపాయి. "ఇంత చదువుకున్నారు, మా దగ్గర ఎన్నాళ్లుంటారమ్మా?" అన్నాడొకాయన. ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి దరఖాస్తులోంచి డాక్టరేట్ కొట్టేసింది. ఆరేళ్లు ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీ పూడ్చడానికి వాళ్లమ్మను మంచాన పడేసి, తనే దగ్గరుండి సేవ చేశానని రాసింది. పొద్దున్నే నాలుగు వీధులు చుట్టొచ్చి, పక్కింటివాళ్లతో ఓ దఫా గొడవపడితే గానీ కాఫీ దిగని మనిషిని!

రంగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇట్టే వచ్చింది. డబ్బా మూత తీయడం, రంగును అట్టముక్క మీద పూసి చూడడం, రిజిస్టర్లో సంతకం పెట్టడం. అంతే పని.

ఆ పని నేర్పింది రంగులు కలిపే సెక్షన్ పెద్దాయన. అందరికీ ఆయన బాబాయే. గరిటె పైకెత్తి, జారే ధార చూసి చిక్కదనం ఎంతో చెప్పేసేవాడు. తర్వాత మెషీన్ కూడా అదే అంకె చూపించేది. అమ్మ జబ్బు కథ ఆయన చెవినా పడింది. ప్రతి సోమవారం ఆమెను చూడగానే, "అమ్మకెలా ఉందమ్మా?" అనేవాడు.

"పర్వాలేదు బాబాయ్" అనేది, తలెత్తకుండా.

ఆ ఏడాది ఫ్యాక్టరీలో కొత్త బోరు వేశారు. నెల తిరక్కుండానే తెల్లరంగు డబ్బాలు వెనక్కి రావడం మొదలైంది. మూత తీస్తే లోపల విరిగిన పాలలా ముద్దలు. చూడగానే ఆమెకు అర్థమైపోయింది. నీళ్లలోని ఉప్పులు రంగును ఎలా విరగ్గొడతాయన్నదే ఆమె ఆరేళ్ల పరిశోధన మరి.

మేనేజరు మాత్రం బాబాయ్ మీద పడ్డాడు. "నీకు చూపు ఆనడం లేదయ్యా. ఏది ఎంత పోస్తున్నావో నీకే తెలీదు."

బోరు నీళ్లు పరీక్షించండి అంటే చాలు. నీకెలా తెలుసని అడుగుతారేమోనని ఆమె భయం. అడిగితే ఏదో అనుమానం సార్ అని తప్పించుకోవచ్చు. కానీ అబద్ధం మోసేవాళ్లకు ప్రతి ప్రశ్నా తమ జేబులే తడుముతున్నట్టుంటుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఆమె నాన్చుతుండగానే బాబాయ్‌ని గోడౌన్‌కు మార్చారు. ఖాళీ డబ్బాలు పేర్చే పని. పది రోజులు పేర్చి, పదకొండో రోజు రాజీనామా ఇచ్చేశాడు.

చివరికి బయటినుంచి ఓ నిపుణుణ్ణి పిలిపించారు. మూడు రోజుల్లో తేల్చేశాడు: తప్పు నీళ్లది.

"ఇలాంటి డాక్టరేట్ ఉన్నవాళ్లు ఒకరు మన దగ్గరుంటే ఎంత బాగుండేది!" అన్నాడు మేనేజరు, ఆమె ఎదురుగానే.

బాబాయ్‌ని పిలిచి క్షమాపణ చెప్పారు, మళ్లీ రమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "నా చెయ్యి తప్పిందని నేనూ నమ్మేశాను సార్. ఇప్పుడు గరిటె పట్టుకుంటే వణుకుతోంది."

వెళ్తూ వెళ్తూ ఆమె గదికొచ్చాడు. చేతిలో మేనేజరు ఇచ్చిన ఆ నిపుణుడి రిపోర్టు. చివరి పేజీలో, ఆయన ఆధారం చేసుకున్న పరిశోధనల జాబితా మీద వేలు పెట్టాడు.

"ఈ పేరు నీదే కదమ్మా?"

"అవును బాబాయ్."

"అయితే నీకు ముందే తెలుసా?"

"మొదటి డబ్బా తెరిచినప్పుడే తెలిసింది."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"మరి అమ్మకి జబ్బో?"

"జబ్బేం లేదు బాబాయ్." ఈసారి ఆమె తలెత్తింది. "ఎప్పుడూ లేదు."

"పోనీలే" అన్నాడాయన. "ఆవిడైనా బాగున్నారు."